పంట వచ్చింది, మరి వంట?



డిసెంబరు, జనవరి నెలల్లో సూరత్ నగరానికి వెళితే తాపీ నది ఒడ్డున వరుసగా వెలసిన తాత్కాలిక దుకాణాలు కనిపిస్తాయి. అక్కడ పాలుపట్టిన లేత జొన్న కంకులను నిప్పుల మీద కాల్చి, కొట్టి, ఆకుపచ్చని గింజలను వేరుచేస్తూ ఉంటారు. ఆ గింజల పేరు ‘పోంక్’. సేవ్, నిమ్మరసం, వెల్లుల్లి కారం కలిపి తింటారు. వాటితో వడలు కూడా వేస్తారు. పోంక్ లేని చలికాలాన్ని సూరత్ వాసులు ఊహించుకోలేరు.

మన పల్లెల్లోనూ ఇదే పని చేసేవారు. పచ్చజొన్న కంకులను చేను గట్టున కాల్చి, చేతులతో నలిపి, ఊది తినేవారు. వాటిని మనం ఊచబియ్యం అంటాము. సూరత్‌లోని లింబాయత్ వంటి ప్రాంతాలలో కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుండి వలస వెళ్ళి మరమగ్గాల మీద పనిచేస్తూ స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళలోని తాత ఒకరు పోంక్‌ను నోట్లో వేసుకుంటే అది ఆయనకు చిన్ననాటి రుచే అవుతుంది.

ఇంతకీ ఈ జొన్న ఎవరిది? సూరత్‌దా, తెలంగాణదా? జొన్న పుట్టిల్లు ఆఫ్రికా. జొన్నే కాదు, సజ్జలు, బొబ్బర్లు, గోంగూర, చింతపండు, మన రేషన్ దుకాణాల్లో చాలా ఏళ్ళు దొరికిన పామాయిల్, వీటన్నిటి మూలాలూ ఆ ఖండంలోనే ఉన్నాయి. అందులో పశ్చిమాఫ్రికా వాటా చాలా పెద్దది. ఈ పంటలు మన దాకా ఎలా వచ్చాయి? వాటిని పోషకాహారంగా మార్చే వంట తెలివి కూడా వాటితో వచ్చిందా? ఈ పాఠంలో ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదుకుదాం.

సాహెల్ నుండి గుజరాత్ తీరానికి

సహారా ఎడారికి దక్షిణాన, దట్టమైన అడవులకు ఉత్తరాన, పడమటి నుండి తూర్పుకు ఒక పొడవైన గడ్డినేల పట్టీ ఉంది. దానిని సాహెల్ అంటారు. వాన తక్కువ, ఎండ ఎక్కువ. ఇక్కడి ప్రజలు ఒక అడవి గడ్డిని మచ్చిక చేసుకొని సజ్జ పంటగా మార్చారు. నేటి మాలి దేశంలోని టిలెంసీ లోయలో క్రీ.పూ. 2500 ప్రాంతానికి చెందిన సాగు సజ్జల ఆనవాళ్ళు మట్టిపాత్రల మీద దొరికాయి. కుమ్మరి మట్టిలో పొట్టు కలిపితే, కాల్చినప్పుడు పొట్టు మాడిపోయి దాని అచ్చు మాత్రం మిగులుతుంది. నాలుగున్నర వేల సంవత్సరాల నాటి పంటను శాస్త్రజ్ఞులు ఆ అచ్చులను చూసే గుర్తుపట్టారు. తూర్పు సూడాన్‌లోని కస్సలా సమీపంలో జొన్నకు కూడా ఇలాంటి ఆధారమే లభించింది. అది క్రీ.పూ. 3500-3000 మధ్య కాలానికి చెందినది.

బొబ్బర్ల కథ ఘనా దేశానిది. అక్కడ కింటాంపో సంస్కృతికి చెందిన రాతి గుహలలో క్రీ.పూ. 1800 ప్రాంతపు మాడిన బొబ్బర గింజలు దొరికాయి. వాటి పక్కనే ఆయిల్ పామ్ కాయల పెంకులు కూడా ఉన్నాయి. అంటే పప్పుధాన్యం, నూనె ఒకే పొయ్యి దగ్గర కలిసి ఉన్నాయన్నమాట. ఈ జంటను గుర్తుంచుకోండి. పాఠం చివర దీని అవసరం ఉంది.

క్రీ.పూ. రెండవ సహస్రాబ్దిలో ఈ పంటలు భారతదేశంలో కనిపించసాగాయి. గుజరాత్‌లో హరప్పా నాగరికత చివరి దశకు చెందిన గ్రామాలలోనూ, దక్కనులోని హల్లూరు వంటి నవీన శిలాయుగ స్థలాలలోనూ ఆఫ్రికా ధాన్యాల ఆనవాళ్ళు బయటపడ్డాయి. ఆఫ్రికా తీరం, అరేబియా తీరం, గుజరాత్ తీరం వెంబడి చిన్న పడవలలో చేతులు మారుతూ ఇవి వచ్చాయని పరిశోధకులు భావిస్తున్నారు. ఏ రాజూ వీటిని తెప్పించలేదు. పడవవారి భోజనపు మూటలో, విత్తనపు సంచిలో వచ్చాయి. గోధుమ, బార్లీ చలికాలపు పంటలు. వానాకాలంలో బీడుగా ఉండే నేలకు సజ్జ, జొన్న కొత్త పంటనిచ్చాయి. అలా అవి గుజరాత్‌లో ‘రోట్లో’గా, తెలంగాణలో జొన్నరొట్టెగా, రాయలసీమలో సంకటిగా స్థిరపడ్డాయి.

ఒకే గింజ, రెండు వంటిళ్ళు

ఇప్పుడు రెండు వంటిళ్ళను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఉత్తర నైజీరియాలోని హౌసా ప్రజలు జొన్నపిండిని గట్టిగా ఉడికించి ‘టువో’ చేస్తారు. ముద్దను వేళ్ళతో తుంచి కూరలో అద్దుకుంటారు. మన సంకటిని తినే తీరు కూడా ఇదే. వారు సజ్జపిండి ఉండలను ఉడికించి పులిసిన పాలలో చిదిపి తాగుతారు. దాని పేరు ‘ఫురా’. మనం అంబలిలో మజ్జిగ కలుపుకుంటాము. యోరుబా ప్రజలు బొబ్బర్లను నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉల్లి, మిరప కలిపి నూనెలో వేయిస్తారు. అది ‘అకారా’. మన అలసంద వడకు అది అక్కచెల్లెలే.

ఈ వంటలలో దాగిన శాస్త్రం ఏమిటి? ధాన్యాలలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. బొబ్బర్లలో అది ఎక్కువ. బొబ్బర్లలో మిథియోనిన్ తక్కువ. ఆ లోటును ధాన్యం పూరిస్తుంది. రెండూ కలిస్తేనే మాంసకృత్తులు పరిపూర్ణమవుతాయి. భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టిక (2017) ప్రకారం 100 గ్రాముల సజ్జలలో ఇనుము సుమారు 6.4 మిల్లీగ్రాములు ఉంది. పాలిష్ పట్టిన బియ్యంలో అది 0.65 మిల్లీగ్రాములే. అయితే సజ్జలలోని ఫైటేట్ అనే పదార్థం ఇనుమును పట్టి ఉంచుతుంది. పిండిని పులియబెడితే ఫైటేట్ తగ్గుతుంది. విటమిన్ ‘సి’ ఉన్న పులుపు తోడైతే ఇనుము మరింతగా ఒంటబడుతుంది. ఈ పేర్లేవీ తెలియకుండానే రెండు ఖండాల వంటిళ్ళూ పులియబెట్టడం నేర్చుకున్నాయి.

గోంగూర మరొక ఉదాహరణ. తెలంగాణలో దీనిని పుంటికూర అంటారు. హౌసా భాషలో దీని ఆకు పేరు ‘యకువా’. సెనెగల్‌లో దీని ఎర్రని పువ్వు తొడిమలతో ‘బిస్సాప్’ అనే పానీయం చేస్తారు. బుర్కినా ఫాసోలో దీని గింజలను పులియబెట్టి కూరల్లో వేస్తారు. ఒకే మొక్కలో ఆకు, తొడిమ, గింజ మూడింటినీ వాడుకునే సంప్రదాయం అది. మనం ఆకును, నారను తీసుకున్నాము. ఆకుతో పచ్చడి, పప్పు, పులుసు మన సొంతంగా కనిపెట్టాము. ఇక చింతచెట్టు కథ వినండి. అది ఆఫ్రికా చెట్టు. కానీ మన దేశంలో ఎంతగా వేళ్ళూనిందంటే, అరబ్బు వర్తకులు దాని పండుకు ‘తమర్ హింద్’, అంటే ‘హిందూదేశపు ఖర్జూరం’ అని పేరు పెట్టారు.

మనుషులతో పాటు, విత్తనపు సంచిలో మెల్లగా వచ్చిన ఈ పంటలన్నీ ఏదో ఒక వంటింటిని వెంట తెచ్చుకున్నాయి, లేదా ఇక్కడ కొత్త వంటింటిని సంపాదించుకున్నాయి.

సూరత్ గుడ్డ, గినీ తీరం

రెండవ ప్రయాణం ఇంత ప్రశాంతమైనది కాదు. మొగలుల కాలంలో సూరత్ దేశంలోని ప్రధానమైన ఓడరేవు. హజ్ యాత్రికులు ఇక్కడి నుండే ఓడ ఎక్కేవారు. 1608లో విలియం హాకిన్స్ నాయకత్వంలో ‘హెక్టర్’ అనే ఇంగ్లీషు ఓడ ఇక్కడికి చేరింది. ఇంగ్లీషువారు 1611లో మన మచిలీపట్నంలోనూ వర్తక స్థావరం పెట్టుకున్నారు. ఈ రెండు తీరాల నుండి ఐరోపా కంపెనీలు కొన్న నూలుగుడ్డలలో కొంత భాగం లండన్, ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా పశ్చిమాఫ్రికాలోని గినీ తీరానికి చేరేది. గుజరాత్ చారల గుడ్డలకు, గళ్ళ గుడ్డలకు ‘గినీ స్టఫ్స్’ అని, కోరమండల్ తీరపు నేతకు ‘గినీ క్లాత్’ అని పేర్లు పడ్డాయి. ఆ తీరంలో గుడ్డ ఇచ్చి కొన్న ‘సరుకు’లలో బంధించిన మనుషులూ ఉన్నారు. మగ్గం మీద కూర్చున్న మన నేతగానికి తన గుడ్డ ఎక్కడికి పోతుందో, ఎందుకు పోతుందో తెలిసే అవకాశమే లేదు. అయినా చరిత్రలో ఈ అధ్యాయాన్ని మనం దాటవేయరాదు.

అట్లాంటిక్ దాటించబడిన ఆ ప్రజలు తమ వంట జ్ఞానాన్ని మరచిపోలేదు. బొబ్బర్లు, బెండ, ఆయిల్ పామ్ వారితో పాటు అమెరికా ఖండాలకు చేరాయి. ఇంగ్లీషులో బెండకాయను ‘ఓక్రా’ అంటారు కదా, అది నైజీరియాలోని ఇగ్బో భాష మాట నుండి వచ్చింది. బ్రెజిల్‌లోని బహియా రాష్ట్రంలో నేటికీ వీధి పక్కన స్త్రీలు బొబ్బర పిండిని ఎర్రని పామాయిల్‌లో వేయించి అమ్ముతారు. దాని పేరు ‘అకరాజే’. మనం చెప్పుకున్న అకారాయే అది. ఘనా గుహలో చూసిన బొబ్బర, నూనెల జంట మహాసముద్రం దాటినా విడిపోలేదు. ఎందుకు? వండే మనిషి కూడా వెళ్ళింది కాబట్టి. బలవంతంగా, సంకెళ్ళతో వెళ్ళింది. కానీ తన వంటను చేజార్చుకోలేదు.

ఎర్రనూనె తెల్లబడిన వైనం

ఇప్పుడు మూడవ ప్రయాణం. 1848లో జావా దీవిలోని బోగోర్ ఉద్యానవనంలో నాలుగు ఆయిల్ పామ్ మొక్కలు నాటారు. తరువాతి కాలంలో ఇండోనేషియా, మలేషియాలలో విస్తరించిన తోటలకు ఆ మొక్కల సంతతే ప్రధాన ఆధారమైంది. చెట్టు వచ్చింది గానీ దాని సహచరులు రాలేదు. పశ్చిమాఫ్రికాలో ఆయిల్ పామ్ పువ్వులకు పరాగసంపర్కం చేసేది ఒక చిన్న ముక్కుపురుగు. అది లేక మలేషియా తోటల్లో కూలీలు చేతులతో పుప్పొడి చల్లవలసి వచ్చేది. 1981లో కామెరూన్ నుండి తెచ్చిన ఆ పురుగును మలేషియాలో వదిలాక గెలలు నిండుగా కాశాయి. 1980ల మధ్యలో అది మన దేశానికీ వచ్చింది. ఆ పురుగు లోటును శాస్త్రజ్ఞులు గుర్తించి సరిచేశారు. వంట లోటును మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

పశ్చిమాఫ్రికాలో పామాయిల్ రంగు చిక్కని ఎరుపు. ఘనాలో పామ్ పండ్లనే ఉడికించి, దంచి, పిండి, ఆ గుజ్జుతో ‘అబెన్‌క్వాన్’ అనే పులుసు కాస్తారు. ఆ ఎరుపుకు కారణం కెరోటినాయిడ్లు. ఒక కిలో ముడినూనెలో అవి 500 నుండి 700 మిల్లీగ్రాముల వరకు ఉంటాయి. వాటిలో బీటా-కెరోటిన్ ప్రధానమైనది. దీనిని మన శరీరం విటమిన్ ‘ఎ’గా మార్చుకుంటుంది. విటమిన్ ‘ఎ’ లోపిస్తే రేచీకటి వస్తుంది. ముదిరితే కంటి కార్నియా దెబ్బతిని చూపే పోతుంది.

చిన్న ప్రయోగం చేయండి. క్యారెట్ తురుమును రెండు గ్లాసులలో వేసి, ఒకదానిలో గోరువెచ్చని నీరు, మరొకదానిలో గోరువెచ్చని నూనె పోసి కలపండి. కొంతసేపటికి నీటి కంటే నూనె బాగా నారింజరంగుకు తిరుగుతుంది. కెరోటిన్ కొవ్వులో కరుగుతుంది, నీటిలో కరగదు. ఆకుకూరలోని కెరోటిన్ మన ఒంటికి పట్టాలంటే కొంచెం నూనె తప్పనిసరి. పశ్చిమాఫ్రికా తల్లి ఆకుకూరలో ఎర్రనూనె వేసినా, మన తల్లి గోంగూర పచ్చడిలో నువ్వులనూనె వేసినా అదే సూత్రం పనిచేస్తుంది.

మరి మన దుకాణంలోని పామాయిల్ ఎందుకు లేత పసుపుగా ఉంటుంది? కోసిన పండ్లలో లైపేజ్ అనే ఎంజైము నూనెను విడగొట్టి కొవ్వు ఆమ్లాలను వెలువరిస్తుంది. అందుకే గెలలను కోసిన ఒక రోజులోపే మిల్లుకు చేర్చాలంటారు. ముడినూనెలోని ఆ ఆమ్లాలను, వాసనను, రంగును తొలగించడానికి శుద్ధి చేస్తారు. బంకమట్టితో వడకట్టి, 240 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేస్తారు. దానితో నూనె చాలాకాలం నిలవ ఉంటుంది, ఏ వంటకైనా పనికివస్తుంది. కానీ కెరోటిన్ దాదాపు పూర్తిగా నశిస్తుంది.

ఇది మనకు ఎక్కడో జరిగిన కథ కాదు. ఏలూరు సమీపంలోని పెదవేగిలో 1995లో జాతీయ ఆయిల్ పామ్ పరిశోధన కేంద్రం ఏర్పడింది. నేడు అది భారతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ. దేశపు ఆయిల్ పామ్ దిగుబడిలో సింహభాగం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలదే. నూనె దిగుమతులను తగ్గించడానికి కేంద్ర ప్రభుత్వం 2021లో 11,040 కోట్ల రూపాయలతో జాతీయ మిషన్‌ను ప్రకటించింది. ఏడాది పొడవునా వానలు పడే నేలల చెట్టు ఇది. మన వేసవిలో ఒక్కో చెట్టుకు రోజుకు 200 లీటర్లకు పైగా నీరు పెట్టాలి. ఇంత నీరు పోసి పెంచిన ఎర్రని పండులోని పోషకం సీసాలోకి చేరేలోపే పోతోంది. మరోవైపు 1970 నుండి మన దేశంలో చిన్నపిల్లలకు విటమిన్ ‘ఎ’ చుక్కలు వేసే కార్యక్రమం నడుస్తోంది.

శాస్త్రజ్ఞులు దీనిని గమనించకపోలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1990లలో కెరోటిన్ నిలిచి ఉన్న ఎర్ర పామాయిల్‌తో చిరుతిండ్లు చేసి బడిపిల్లలకు పెట్టి పరిశీలించింది. పిల్లల రక్తంలో విటమిన్ ‘ఎ’ స్థాయి మెరుగుపడింది. అయినా ఆ నూనె మన వంటిళ్ళలో స్థానం సంపాదించలేదు. దాని రంగు, వాసన మనకు అలవాటు లేవు. దానితో ఏ కూర బాగుంటుందో చెప్పే అమ్మమ్మ మనకు లేదు. ఇక్కడొక హెచ్చరిక: పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు. ఎరుపైనా తెలుపైనా మితంగానే వాడాలి.

మనం ఇచ్చినది, వారు వండినది

ప్రయాణాలు అటూ సాగాయి. మునగ మన హిమాలయ పాదాల దగ్గర పుట్టిన చెట్టు. హౌసా ప్రజలు దానిని ‘జోగలే’ అంటారు. ఆకును ఉడికించి, పిండి, వేరుశనగ పిండి, కారం కలిపి రోజువారీ కూరగా తింటారు, వీధుల్లో అమ్ముతారు. ఆ వేరుశనగ కూడా పోర్చుగీసుల ద్వారా దక్షిణ అమెరికా నుండి వచ్చినదే. మనం మునక్కాయను ఇష్టంగా తింటాము. ఆకును మాత్రం చాలా ఇళ్ళలో ఆషాఢమాసంలో ఒకసారి గుర్తుచేసుకుంటాము. మన చెట్టు ఆకు విలువను వారు మనకంటే బాగా వాడుకుంటున్నారు.

దీనికి ఎదురు ఉదాహరణ గోల్కొండ నయాఖిల్లాలో ఉంది. అక్కడొక మహావృక్షం ఉంది. దాని కాండం చుట్టుకొలత 27 మీటర్ల దాకా ఉంటుంది. అది ఆఫ్రికా బావోబాబ్. గుజరాత్‌లో దీనిని ‘గోరఖ్ ఆమ్లీ’ అంటారు. పశ్చిమాఫ్రికాలో దీని ఆకును ఎండబెట్టి పొడిచేసి పులుసులో వేస్తారు, విటమిన్ ‘సి’ ఉన్న పండు గుజ్జుతో పానీయం చేస్తారు. మనం దాని ముందు నిలబడి ఫోటో దిగుతాము.

శాస్త్రం చేసిన ఒక మంచి పనిని కూడా చెప్పుకోవాలి. 1972లో పటాన్‌చెరువులో ఇక్రిశాట్ ఏర్పడింది. పశ్చిమాఫ్రికాలోని టోగో దేశపు ‘ఇనియాడి’ రకం సజ్జల నుండి అక్కడి శాస్త్రజ్ఞులు ఐ.సి.టి.పి. 8203 అనే రకాన్ని రూపొందించారు. దాని నుండి ఎంపిక చేసిన, ఇనుము ఎక్కువగా ఉన్న ‘ధనశక్తి’ 2014లో దేశవ్యాప్తంగా విడుదలైంది. నాలుగు వేల ఏళ్ళ క్రితం వచ్చిన బంధువు మళ్ళీ ఒకసారి కానుకతో వచ్చినట్లయింది.

మన పళ్ళెం దగ్గరకు

విద్యార్థులారా! జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. గుజరాత్‌లో అది 65 శాతం. ఇనుము ఉన్న సజ్జ గుజరాత్ పొలాల్లోనే పండుతోంది. రక్తహీనతకు కారణాలు అనేకం. కానీ పళ్ళెంలో వచ్చిన మార్పు వాటిలో ముఖ్యమైనది.

ఊరు మారిన కుటుంబంలో ఈ మార్పు త్వరగా వస్తుంది. మగ్గం షిఫ్టు ముగిశాక జొన్నరొట్టె తట్టే ఓపిక ఉండదు. తెల్లబియ్యం, శుద్ధిచేసిన నూనె తేలిక. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోంది. అందువల్ల అక్కడి పిల్లలకు భాష అందుతోంది. పుంటికూర పప్పులో జొన్నరొట్టె అద్దుకునే పద్ధతిని మాత్రం ఏ బడీ నేర్పదు. అది ఒక తరంలో నేర్చుకోకపోతే తరువాతి తరానికి ఉండదు. విత్తనాన్ని గిడ్డంగిలో దాచవచ్చు. వంటను రోజూ వండటం ద్వారానే దాచగలం.

కాబట్టి ఈ వారం మీరు ఒక పని చేయండి. మీ ఇంట్లో అమ్మమ్మనో, నాయనమ్మనో, తాతయ్యనో అడిగి, వారి చిన్ననాడు తిని ఇప్పుడు మీ ఇంట్లో వండని మూడు వంటకాలను నోటు పుస్తకంలో రాసుకోండి. ఏ గింజ, ఏ ఆకు, ఏ నూనె వాడేవారో, ఎంతసేపు నానబెట్టేవారో కూడా అడగండి. వాటిలో ఒకదానిని వారి పక్కన నిలబడి వండండి. సూరత్‌లో ఉన్నవారు చలికాలంలో ఒక పొట్లం పోంక్ కొని తాతయ్య చేతిలో పెట్టి, ఊచబియ్యం గురించి అడగండి. మిగతా పాఠం ఆయనే చెబుతారు.